పిల్లల్ని ఎక్కడ చూపించాలి, ఎవరి ఎదుట? బెంగళూరులో కస్టడీ కేసు నడుస్తున్నవాళ్లకు ఒక పోలిక

భార్యాభర్తలు విడిపోయారు. పిల్లలు ఒకరి దగ్గర ఉన్నారు. రెండోవాళ్లు చూడాలంటారు, మొదటివాళ్లకు భయం. ఇలాంటప్పుడు ఫ్యామిలీ కోర్టు చాలాసార్లు మధ్యేమార్గం పడుతుంది: చూడనివ్వండి, కానీ ఇంకొకరి సమక్షంలో. లాయర్లు దీన్ని సూపర్‌వైజ్డ్ విజిటేషన్ అంటారు. ఆ ఇంకొకరు ఎవరు, ఎక్కడ, ఎంతసేపు, గొడవైతే ఎవరు ఆపాలి అన్నవి మాత్రం చాలా పిటిషన్లలో కనిపించవు. ‘తగిన పర్యవేక్షణలో’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ ముక్కకు అర్థం ఏమిటన్న దాని మీద తర్వాత వాయిదాలన్నీ గడిచిపోతాయి.

మన దేశంలో ఈ పర్యవేక్షణకంటూ విడిగా చట్టం లేదు. కాబట్టి మీ లాయరు ఏం అడిగారో, జడ్జి ఏం రాశారో అదే మీ కేసుకు పద్ధతి. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీల్లో ఉంటూ సిద్దయ్య రోడ్డులో ఫ్యామిలీ కోర్టులున్న న్యాయదేగుల భవనానికి తిరుగుతున్న తెలుగు కుటుంబాలను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. లాయరు ముందు కూర్చునే లోపు ఏం అడగాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది. మీ కేసులో ఏది చెల్లుతుందో చెప్పాల్సింది మాత్రం కాగితాలన్నీ చూసిన లాయరే.

## చట్టం ఎంతవరకు చెబుతుంది

విడాకుల కేసు ఇప్పటికే నడుస్తుంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద పిల్లల గురించి మధ్యంతర ఉత్తర్వు (కేసు తేలేలోపు ఇచ్చేది) అడగొచ్చు. విడాకుల కేసు లేకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది, అది ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. దాని సెక్షన్ 9 ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తోందో అక్కడి కోర్టులోనే కేసు వేయాలి. హిందువులకు 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టంలోని సెక్షన్ 6 అయిదేళ్ల లోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గర ఉండాలంటుంది, సెక్షన్ 13 బిడ్డ సంక్షేమమే అన్నిటికంటే ముఖ్యమంటుంది. గృహహింస కేసైతే మేజిస్ట్రేటు దగ్గరే, 2005 నాటి గృహహింస చట్టం సెక్షన్ 21 కింద తాత్కాలిక కస్టడీ అడగొచ్చు. ఆ సెక్షన్‌లో ఒక గట్టి మాట ఉంది: చూడ్డానికి రావడం బిడ్డకు హాని అని మేజిస్ట్రేటు భావిస్తే ఆ అనుమతి నిరాకరించాల్సిందే.

కస్టడీ ఉత్తర్వులు ఎప్పటికీ తాత్కాలికమే, పరిస్థితి మారితే మార్చుకోవచ్చు అని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. అందుకే ఈ వాయిదాలో ఏం రాస్తారో అదే జీవితాంతం అన్నంత టెన్షన్ అక్కర్లేదు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు మీ భయానికి ఒక పేరు పెట్టాలి. ‘ఆయన మంచివాడు కాదు’, ‘ఆవిడకు బాధ్యత లేదు’ అంటే కోర్టుకు ఏమీ అర్థం కాదు. ‘తాగి బండి నడుపుతాడు, మొన్న దసరాకు పాపను పెట్రోల్ ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు’ అంటే అర్థమవుతుంది. ఎందుకంటే ఒక్కో భయానికి ఒక్కో మందు. బిడ్డను కొడతారన్నది వేరు. బిడ్డను ఏమీ అనరు కానీ నన్ను చూస్తే చెయ్యి లేస్తుందన్నది వేరు. రాత్రి బస్సెక్కించుకుని ఊరు తీసుకెళ్లిపోతారన్నది వేరు, మూడేళ్లుగా చూడలేదు కాబట్టి బిడ్డ బెదిరిపోతుందన్నది పూర్తిగా వేరు. చివరి దాంట్లో ప్రమాదం ఏమీ లేదు, అలవాటు లేదంతే. ఈ నాలుగింటికీ ఒకే పద్ధతి అడిగితే మూడింట్లో అది తప్పు పద్ధతి అవుతుంది.

రెండోది, పక్కన కూర్చునే మనిషికి ఆపే అధికారం, ఆపే ధైర్యం రెండూ ఉన్నాయా అన్నది. చూస్తూ కూర్చునేవాళ్లు చాలామంది దొరుకుతారు. ‘ఈ రోజుకు ఇక చాలు, బయల్దేరండి’ అనగలిగేవాళ్లు తక్కువ.

మూడోది భాష. బెంగళూరులో మనవాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు. పర్యవేక్షించే మనిషికి కన్నడం, ఇంగ్లీషు మాత్రమే వచ్చనుకోండి. నాన్న బిస్కెట్ ప్యాకెట్ విప్పుతూ, నవ్వు మొహంతోనే, ‘అమ్మ రాత్రిపూట ఎవరితో ఫోన్లో మాట్లాడుతుంది రా?’ అని తెలుగులో అడిగితే నాలుగడుగుల దూరంలో ఉన్న ఆ మనిషికి ముచ్చటగా కబుర్లు చెప్పుకుంటున్నట్టే కనిపిస్తుంది. పిల్లాడు బిస్కెట్ చేతిలో పట్టుకుని నమలడం ఆపేస్తాడు. రిపోర్టులో మాత్రం ‘సమావేశం సజావుగా జరిగింది’ అని పడుతుంది. ఈ ఊళ్లో తెలుగు తెలిసిన కౌన్సెలర్లు, లాయర్లు దొరకడం కష్టం కాదు. పిటిషన్‌లో ఒక వాక్యం రాసి అడగాలి, అంతే.

మిగిలినవి తెలిసినవే: బిడ్డ వయసు, బడి వేళలు, రానూపోనూ ప్రయాణం, ఖర్చు ఎవరిది, వచ్చారు వెళ్లారు అన్నదానికి రికార్డు ఉంటుందా, ఈ మెట్టు తర్వాత పై మెట్టు ఏమిటి.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఎవరికి నప్పుతుంది | లోటు | రికార్డు |
|---|---|---|---|
| కోర్టు ఆవరణలోని పిల్లల గది | మొదటి కొన్ని కలయికలు, గట్టి గొడవలున్న కేసులు | బడి పోతుంది, వాతావరణం బరువు | బాగా ఉంటుంది |
| కౌన్సెలర్, పిల్లల మానసిక నిపుణులు | బిడ్డ రానంటున్నప్పుడు, చాలా కాలం ఎడబాటు | ఖర్చు, అపాయింట్‌మెంట్లు | వివరంగా ఉంటుంది |
| కోర్టు వేసిన అడ్వకేట్ కమిషనర్ (చూసి రిపోర్టు ఇచ్చే లాయరు) | ‘రాలేదు’, ‘పంపలేదు’ అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెబుతున్నప్పుడు | ఫీజు, పిల్లలతో మెలగడంలో శిక్షణ ఉండకపోవచ్చు | బాగా ఉంటుంది |
| బంధువుల ఎదుట, ఇంట్లో | ప్రమాదం తక్కువ, నమ్మకం కొద్దిగానైనా మిగిలిన చోట | మొహమాటం, పక్షపాతం | దాదాపు ఉండదు |
| పార్కు, గుడి, మాల్ | చిన్న పిల్లలు, అపహరణ భయం లేనివాళ్లు | ఎటునుంచైనా బయటికి వెళ్లిపోవచ్చు | మీరు రాసుకున్నంత |
| అప్పగింతకు మాత్రమే మూడో మనిషి | గొడవ పెద్దవాళ్ల మధ్యే ఉన్నప్పుడు | కలిసిన వేళలో ఎవరూ చూడరు | వేళలు మాత్రం తెలుస్తాయి |
| వీడియో కాల్ | వేరే ఊరు, వేరే దేశం | పసిపిల్లలు కూర్చోరు | కాల్ వివరాలు |

## కోర్టు ఆవరణలో

దీనికి ఉన్న పెద్ద బలం, అది ఇద్దరి ఇల్లూ కాదు. పోలీసు ఉంటారు, సిబ్బంది ఉంటారు, ఎవరు ఎన్నింటికి వచ్చారో దాచలేరు. చెయ్యి చేసుకునే స్వభావం ఉన్న మనిషి కూడా కోర్టు ఆవరణలో ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. అవతలివాళ్లు ‘నేను వెళ్లాను, వాళ్లే రాలేదు’ అని అబద్ధమాడే వీలు లేదు.

బలహీనతలన్నీ బిడ్డ వైపు నుంచి చూస్తేనే కనిపిస్తాయి. కోర్టు పని వేళల్లోనే కలవాలంటే బడి మానాలి. వైట్‌ఫీల్డ్ నుంచి సిద్దయ్య రోడ్డుకు పొద్దున పూట క్యాబ్‌లో వచ్చేసరికి అయిదేళ్ల పాప అప్పటికే అలిసిపోయి ఉంటుంది. వరండాలో నల్లకోట్లు, గట్టిగా అరుచుకుంటున్న రెండు కుటుంబాలు, ఏడుస్తున్న ఎవరో ఆవిడ. వీటన్నిటి మధ్య నుంచి నడిచి వెళ్లి నాన్నను చూడాలి. ఆ గంటలో పాప ముభావంగా ఉంటే అది నాన్న మీద అయిష్టమో, వరండా భయమో ఎవరు చెప్పగలరు?

నా లెక్కలో ఇది మొదటి మెట్టు మాత్రమే. కొన్ని వారాలకు పెట్టుకుని, ఆ తర్వాత ఎక్కడికి మారాలో అదే ఉత్తర్వులో రాయించుకోవడం మంచిది. ఏళ్ల తరబడి కోర్టు గదిలోనే కలిసే బిడ్డకు కన్నవాళ్లంటే వాయిదాతో వచ్చే మనుషులు అయిపోతారు. ఎంచుకుంటే శనివారం వీలవుతుందేమో అడగండి. ఇద్దరు పెద్దవాళ్లు వేర్వేరు వేళల్లో, పావుగంట తేడాతో వచ్చేలా అడగండి. పిల్లాడికి అలవాటైన బొమ్మ ఒకటి, ఇంటి నుంచి తెచ్చిన తిండి సంచిలో పెట్టండి.

## బంధువుల ఎదుట

తెలుగిళ్లలో అందరికీ ముందు తట్టేది ఇదే. ఖర్చు లేదు, ఇల్లు తెలిసిన ఇల్లు, బిడ్డకు మనుషులు తెలుసు. కౌన్సెలింగ్‌లో కూర్చున్న పెద్దలు కూడా ‘మీ పిన్ని వాళ్లింట్లో చూపించండమ్మా, కోర్టు దాకా ఎందుకు’ అనే అంటారు. నడిచిన చోట ఇంతకంటే మంచి పద్ధతి లేదు. నడవని చోట మిగిలిన అన్నిటికంటే ప్రమాదం ఇదే. అందుకే దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

అమ్మమ్మ ఎదుట అల్లుడు బిడ్డను కలవడమంటే, ఆ గదిలో ముగ్గురు ఉన్నట్టు కాదు, పెళ్లినాటి కట్నం నుంచి మొన్నటి పోలీస్ స్టేషన్ దాకా అంతా ఉన్నట్టే. ఆవిడ ఓర్చుకుని కూర్చున్నా, కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టే తీరులోనే విషయం తెలిసిపోతుంది. అటు నాయనమ్మ ఎదుట అయితే ఇంకో తంటా. కొడుకు తాగి వచ్చాడని ఆవిడకు వాసన తెలుస్తుంది. అయినా ‘వాడి బిడ్డను వాడేం చేస్తాడమ్మా’ అంటుంది. ఆవిడ చెడ్డదని కాదు, కొడుకుకు ఎదురు చెప్పడం ఆవిడ ఎన్నడూ చేయని పని.

కాబట్టి అమ్మానాన్నల్ని వదిలేసి ఒక అడుగు పక్కకు వెతకండి. ఇద్దరూ మాట వినే మేనత్త, పెదనాన్న, ఇద్దరినీ ఎరిగిన స్నేహితుల జంట, అపార్ట్‌మెంటులో ఉండే రిటైర్డ్ టీచరమ్మ. పేరు ఖాయం చేసే ముందు వాళ్లనే నేరుగా అడగండి: ఆయన తాగి వస్తే గుమ్మంలోనే ‘ఈ రోజు వద్దు, వెళ్లు బాబూ’ అనగలరా? క్షణమైనా తడబడితే వాళ్లను ఇరకాటంలో పెట్టొద్దు. రేపు కోర్టు పిలిస్తే వచ్చి చూసింది చెప్పాల్సి రావచ్చన్న సంగతి కూడా ముందే చెప్పాలి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. తగ్గితే మంచిదే.

పండగలు ఇంకో మెలిక. సంక్రాంతి దగ్గర పడగానే ‘రెండు రోజులు ఊరికి తీసుకెళ్తాను, కావాలంటే నువ్వూ రా బాబాయ్’ అని పర్యవేక్షించే మనిషినే కారెక్కిస్తారు. ఉత్తర్వులో మనిషి పేరు మాత్రమే ఉండి ఇంటి చిరునామా లేకపోతే అది ఉల్లంఘనో కాదో తేల్చడానికి మళ్లీ వాయిదా. మనిషి, ఇల్లు, వేళ మూడూ రాయించుకోవాలి.

బిడ్డను కొట్టిన చరిత్ర ఉన్నా, లైంగిక వేధింపు ఆరోపణ ఉన్నా ఈ పద్ధతికి ఒప్పుకోవద్దు. ఎంత మంచి పిన్ని అయినా సరే.

## పార్కు, గుడి, మాల్

దీనికి ఈమధ్య బలం వచ్చింది. 2024 డిసెంబరులో తమిళనాడు నుంచి వచ్చిన కేసులో, రెండేళ్ల పాపను తండ్రి చూడ్డానికి కరూర్ దాకా తీసుకెళ్లాలన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు మార్చింది. అంత దూరం ప్రయాణం పాప ఆరోగ్యానికి మంచిది కాదని, పాప ఉండే మదురైలోనే ఆదివారాలు పొద్దున 10 నుంచి 2 దాకా పార్కులోనో గుడి ఆవరణలోనో తండ్రి కలవాలని చెప్పింది. తల్లి దాదాపు పది అడుగుల దూరంలో ఉండాలంది. ప్రయాణ భారం బిడ్డ మీద కాకుండా పెద్దవాళ్ల మీద పడాలన్న ఈ వాదన బెంగళూరు ట్రాఫిక్‌లో మనకూ బాగా పనికొస్తుంది.

పసిపిల్లలకు ఇది నప్పుతుంది. తల్లి కనుచూపులో ఉంటుంది కాబట్టి ఏడవరు. కబ్బన్ పార్కులో బాల భవన్ లాంటి చోట ఆడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, మాట్లాడుకోవడానికి ఏమీ లేక మొహాలు చూసుకునే పరిస్థితి రాదు. వానాకాలం సాయంత్రాలకు పైకప్పున్న చోటు ఒకటి ప్రత్యామ్నాయంగా ముందే రాసుకోవాలి. లాల్‌బాగ్ పెద్ద తోట, నాలుగు వైపులా గేట్లు. బిడ్డను ఎత్తుకుపోతారన్న భయం ఉన్నవాళ్లు అలాంటి చోటుకు ఒప్పుకోకూడదు. జనవరి, ఆగస్టు ఫ్లవర్ షో రోజుల్లో ఎవరికైనా వద్దనే చెబుతాను. మాల్‌తో వేరే చిక్కు: ఒక్కో వారం ఒక్కో బొమ్మ కొనడమే ప్రేమ అయిపోతుంది, బిడ్డను పెంచుతున్నవాళ్లు కొనివ్వలేక చెడ్డవాళ్లవుతారు.

భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆవిడకు పది అడుగుల దూరం ఏం భద్రత? అలాంటివాళ్లు ఇది అడగొద్దు. తామే పర్యవేక్షకులుగా కూర్చోవాల్సిన ఏ ఏర్పాటైనా వాళ్లకు శిక్షే. బిడ్డ కూడా ఆడుకోవడం మాని అమ్మ మొహమే చూస్తూ కూర్చుంటుంది.

## నిపుణుల ఎదుట

ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లోని సెక్షన్ 12 ప్రకారం కోర్టు వైద్యుల, సంక్షేమ నిపుణుల సాయం తీసుకోవచ్చు. ఇది అడగాల్సిన సందర్భం ముఖ్యంగా ఒకటి: బిడ్డ ‘నేను వెళ్లను’ అంటున్నప్పుడు. అలా అనడానికి కారణం నిజంగా జరిగిన చెడు కావచ్చు. ఇంట్లో పొద్దస్తమానం వింటున్న మాటలూ కావచ్చు. రెండు కేసుల్లోనూ బిడ్డ నోట వచ్చేది ఒకే వాక్యం. తేడా పట్టడానికి శిక్షణ కావాలి, అది జడ్జికీ లాయరుకీ ఉండాలని లేదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లలు, కౌమారుల మానసిక వైద్య విభాగమే ఉంది. అలాంటి చోటు మనకు దగ్గర్లో ఉండటం ఈ ఊరివాళ్ల అదృష్టం.

ఒక్క జాగ్రత్త. బిడ్డకు వైద్యం చేస్తున్న నిపుణులనే కోర్టుకు రిపోర్టు రాసేవాళ్లుగా పెట్టొద్దని అడగండి. చెప్పిన ప్రతి మాటా కాగితం ఎక్కుతుందని తెలిసిన పిల్లలు ఇక నోరు విప్పరు.

## వీడియో, అప్పగింత

2020లో సుప్రీంకోర్టు, కస్టడీ దక్కని తల్లి లేక తండ్రి బిడ్డతో వీలైనంత తరచుగా మాట్లాడగలగాలని, ప్రత్యేక పరిస్థితులు లేకపోతే రోజూ 5 నుంచి 10 నిమిషాల వీడియో కాల్ ఉండాలని చెప్పింది. దూరాన ఉన్నవాళ్లకు ఇదే దిక్కు. ఇంటి చిరునామా అవతలివాళ్లకు తెలియకూడని కేసుల్లో మాత్రం కాల్ ముందు చుట్టూ ఒకసారి చూసుకోండి. కిటికీలోంచి కనిపించే షాపు బోర్డు, బిడ్డ వేసుకున్న బడి యూనిఫామ్ మీది బ్యాడ్జీ, ఫోన్‌లో ఆన్‌లో ఉన్న లొకేషన్. ఖాళీ గోడ ముందు కూర్చోబెట్టడం నయం.

గొడవంతా పెద్దవాళ్ల మధ్యే ఉండి, బిడ్డతో ఇద్దరూ బాగుంటే, పూర్తి పర్యవేక్షణ అడగడం అన్యాయం. అప్పగించే అయిదు నిమిషాలే ప్రమాదం. బడినే వాడుకోండి: శుక్రవారం సాయంత్రం ఒకరు బడి నుంచి తీసుకెళ్తారు, సోమవారం పొద్దున బడిలోనే దింపుతారు. ఇద్దరూ ఎదురుపడరు. ఉత్తర్వు కాపీ ఒకటి ప్రిన్సిపాల్ దగ్గర ఉండాలి. సెలవు రోజుల్లో అపార్ట్‌మెంటు గేటు దగ్గర అప్పగించుకుంటే సెక్యూరిటీ యాప్‌లో వేళతో సహా ఎంట్రీ పడుతుంది. పోలీస్ స్టేషన్ దగ్గర అప్పగింతకు నేను సుముఖం కాదు. ప్రాణభయం ఉన్నచోట తప్పదు.

## మీరు ఏ పక్షం?

గృహహింస నుంచి బయటపడి వచ్చినవాళ్లు. ముందు మీ రక్షణ ఉత్తర్వు తీసుకోండి, ఆ తర్వాతే విజిటేషన్ మాట. రక్షణ ఉత్తర్వు దాటితే 2005 చట్టం సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మామూలు విజిటేషన్ ఉత్తర్వుకు ఇంత పదును లేదు. కోర్టు గది, వేర్వేరు రాక వేళలు, మీ తరఫున బిడ్డను వేరొకరు తీసుకురావడం, ఈ మూడూ అడగండి. దీనివల్ల బడి పోతుంది, బిడ్డ అలిసిపోతుంది. ఈ కేసులో ఆ నష్టం భరించాల్సిందే.

లైంగిక వేధింపు అనుమానం ఉన్నవాళ్లు. ఇక్కడ పద్ధతుల పోలిక పక్కన పెట్టండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. కలయికల్ని ఆపమని ఆ రోజే కోర్టును అడగాలి. బిడ్డను కూర్చోబెట్టి పదేపదే చెప్పించి ఫోన్లో రికార్డు చేయొద్దు, అది బిడ్డకూ చేటు, కేసుకూ చేటు. ఇంకో వైపు, కస్టడీ కోసం ఈ ఆరోపణను కల్పించేవాళ్లూ ఉన్నారు. పగబట్టి తప్పుడు ఫిర్యాదు ఇస్తే అదే చట్టం సెక్షన్ 22 శిక్ష చెబుతోంది.

ఎత్తుకెళ్తారన్న భయం ఉన్నవాళ్లు. మారతహళ్లిలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. బిడ్డ అక్కడ బడిలో చేరితే కేసు కూడా అక్కడే అంటారు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కేసు మార్చాలంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లాలి. విదేశం అయితే ఇంకా కష్టం, పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం లేదు. కాబట్టి బిడ్డ పాస్‌పోర్టు కోర్టులో జమ చేయించడం, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్న షరతు, ఒకే ద్వారం ఉన్న గదిలో కలయిక అడగండి.

తాగుడు. ఇది ఆరోపించడం తేలిక, రుజువు చేయడం కష్టం. ‘వచ్చే రోజు మద్యం తాగి ఉండకూడదు, వాసన వస్తే పర్యవేక్షకులు ఆ రోజు కలయిక రద్దు చేయొచ్చు’ అన్న వాక్యం ఉత్తర్వులో ఉంటే చాలు. మానేసినవాళ్లకు ఇది అడ్డం కాదు.

చూడ్డానికి వెళ్లే పక్షం. ఎక్కువగా తండ్రులే, తల్లులూ ఉన్నారు. పర్యవేక్షణ అనగానే ‘నన్ను నేరస్థుణ్ణి చేశారు’ అని అలిగి వెళ్లడం మానేస్తే ఆ గైర్హాజరే మీకు వ్యతిరేకంగా మాట్లాడుతుంది. దాన్ని ఒప్పుకోండి, కానీ గడువుతో ఒప్పుకోండి: మూడు నెలలు సజావుగా నడిస్తే పర్యవేక్షణ లేకుండా నాలుగు గంటలు, ఆ తర్వాత పగలంతా. అప్పటిదాకా చెప్పిన వేళకు వెళ్లండి. బిడ్డను కేసు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు. మనోవర్తి కట్టలేకపోయినా కలయిక మానొద్దు, కలయిక ఆపారని మనోవర్తీ ఆపొద్దు. కోర్టు ఈ రెంటినీ కలిపి చూడదు.

## ఉత్తర్వులో ఉండాల్సిన మాటలు

ఏ పద్ధతి ఎంచుకున్నా ఇవి స్పష్టంగా అడగండి:

- పర్యవేక్షించే మనిషి పేరు, వాళ్లు రాలేకపోతే రెండో పేరు. తెలుగు తెలిసి ఉండాలన్న షరతు
- చిరునామా, రోజు, మొదలయ్యే వేళ, ముగిసే వేళ. ఎంత ఆలస్యమైతే ఆ రోజు రద్దు
- ఎవరెవరు వెంట రావచ్చు (ఇది లేకపోతే ఒక్కోసారి ఆటోనిండా బంధువులు దిగుతారు)
- ఫొటోలు, వీడియోలు తీయొచ్చా, తీస్తే ఎక్కడా పెట్టకూడదని
- జ్వరం, పరీక్షలు వచ్చినప్పుడు పోయిన రోజుకు బదులు ఏ రోజు
- ఆపే అధికారం ఎవరిది, ఆపితే ఎన్ని రోజుల్లో కోర్టుకు చెప్పాలి
- మళ్లీ సమీక్ష ఏ తేదీన

వీటిలో నాలుగైనా లేని ఉత్తర్వు చేతికొస్తే అదే కోర్టులో సవరణకు అప్లికేషన్ వేయించండి. అమలు కాకపోతే అమలు పిటిషన్ ఉంది, కావాలని ధిక్కరిస్తే కోర్టు ధిక్కారం ఉంది. ప్రతి కలయిక తర్వాత తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, బిడ్డ తిన్నదా, ఆ రాత్రి ఎలా పడుకుంది అన్నది ఒక నోట్‌బుక్కులో రెండు వరుసలు రాసి పెట్టుకోండి. మీ వ్యాఖ్యానం వద్దు, చూసింది రాయండి.

లాయరు ఫీజు కట్టలేమని ఆగిపోవద్దు. లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 కింద ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కర్ణాటక లీగల్ సర్వీసెస్ అథారిటీ కూడా న్యాయదేగులలోనే ఉంది, ఫోన్లో అయితే ఉచిత న్యాయసాయం నంబరు 15100. బిడ్డకు అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే వాయిదా దాకా ఆగకుండా అత్యవసర నంబరు 112కో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కో ఫోన్ చేయండి. చేసిన వేళ అదే నోట్‌బుక్కులో రాసుకోండి.